గడ్డకట్టిన సరస్సు మీద విమానాలు

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో కరువు భత్యం గురించీ, బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడుకుంటాం. ఆ విషయాలు చెప్పడానికి నాకన్నా సమర్థులు వేదిక మీద ఉన్నారు. "మీరు అమెరికా వెళ్ళొచ్చారు కదా, ఆ కబుర్లు చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. అక్కడి పెద్ద పెద్ద భవంతుల గురించి మీరందరూ విన్నవే. మీ పిల్లలూ అక్కడే ఉన్నారు, మీలో చాలామంది చూసే వచ్చారు. అందుకని నేను ఒక్క సంగతే చెబుతాను. అది వినోదంగా మొదలై నాకు పాత లెక్క ఒకటి గుర్తుచేసింది.

మా అమ్మాయి, అల్లుడు న్యూ హాంప్‌షైర్ అనే రాష్ట్రంలో ఉంటారు. దేశానికి ఈశాన్య మూల, చలి ప్రాంతం. అక్కడ విన్నిపెసాకీ అనే సరస్సు ఉంది. విస్తీర్ణం సుమారు 70 చదరపు మైళ్ళు. దాని దక్షిణపు కొసన, రెండు కొండల నడుమ సన్నగా చొచ్చుకు వచ్చిన పాయ దగ్గర ఆల్టన్ బే అనే చిన్న ఊరు ఉంది. వేసవిలో ఆ పాయలో పడవలు తిరుగుతాయి, నీటి మీద దిగే విమానాలు దిగుతాయి. శీతకాలంలో నీరు గడ్డకట్టాక, అదే చోట మామూలు చక్రాల విమానాలు దిగుతాయి. అలాస్కాను పక్కనపెడితే, అమెరికా ప్రధాన భూభాగంలో కేంద్ర విమానయాన శాఖ ఆమోదం ఉన్న ఐసు రన్‌వే అదొక్కటే.

ముందుగా ఒక మాట. తెలుగులో మనకు అన్నీ మంచే. తెల్లవారుజామున కమ్మేది మంచు, గడ్డి మీద మెరిసేది మంచు, హిమాలయాల మీద ఉన్నది మంచు. ఈ ప్రసంగం వరకు ఆకాశం నుంచి దూదిలా రాలేదాన్ని మంచు అంటాను, నీరు గడ్డకట్టినదాన్ని ఐసు అంటాను. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కాసేపట్లో తెలుస్తుంది.

నేను మొదటిసారి అక్కడికి వెళ్ళింది 2024 జనవరిలో. ఆ రన్‌వే చూపిస్తానని అల్లుడు ఎంతో ఉత్సాహపడ్డాడు. ప్రతి వారం కనుక్కునేవాడు, ప్రతి వారం లేదనేవారు. ఐసు చాలినంత మందం కట్టలేదు. చివరికి ఆ శీతకాలమంతా రన్‌వే తెరవనే లేదు. సరస్సు ఐసు వీడిన రోజును అక్కడివారు 1887 నుంచి నమోదు చేస్తున్నారు. ఒక పైలట్ పైనుంచి చూసి, మౌంట్ వాషింగ్టన్ అనే ప్రయాణికుల నౌక తన అయిదు రేవులకూ వెళ్ళగలదని తేల్చినప్పుడు ఆ రోజును ప్రకటిస్తారు. మామూలుగా అది ఏప్రిల్‌లో వస్తుంది. 2024లో మార్చి 17నే వచ్చింది. ఆ లెక్కలన్నిటిలోకీ అదే అతి తొందరగా వచ్చిన తేదీ. దానికి ముందు రికార్డు 2016 మార్చి 18. అంటే ఆ రెండూ మన కళ్ళముందు ఏళ్ళే. వాతావరణం వేడెక్కుతోందని పేపర్లో చదవడం వేరు, ఒక ఊరి పద్దు పుస్తకంలో చూడడం వేరు.

మళ్ళీ 2025లో వెళ్ళాను. ఈసారి ఐసు కట్టింది, ఫిబ్రవరిలో చూశాను. చూడడమే కాదు, విమానంలో వెళ్ళి దాని మీద దిగాను కూడా. మా అల్లుడికి తెలిసిన ఒకాయనకు నాలుగు సీట్ల సెస్నా 172 విమానం ఉంది. మన ఊళ్ళో స్థోమత గలవారికి కారున్నట్టు అక్కడ కొందరికి విమానాలుంటాయి. "మీ మామగారు వస్తారా?" అని ఆయన అడిగాడు. మా ఆవిడ మాత్రం "ఈ వయసులో మీకెందుకండీ ఈ సాహసం? పెన్షన్ ఆగిపోతుంది" అంది. ఫ్యామిలీ పెన్షన్ వస్తుందిలే అని సముదాయించి బయలుదేరాను.

ఆ సరస్సుకు దగ్గరలోనే లకోనియా అనే ఊరి విమానాశ్రయం ఉంది. అక్కడి నుంచి కొన్ని నిమిషాల ప్రయాణం. చలికి ఇంజన్ ఆయిలు చిక్కబడుతుంది కనుక ముందు ఇంజనుకు వేడి పట్టించారు. గాలిలోకి లేచాక మాత్రం చలి మనకు మేలే చేస్తుందట. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, రెక్కలకు పట్టు బాగా దొరుకుతుంది, ఇంజనూ బలంగా పనిచేస్తుంది. కింద సరస్సంతా తెల్లటి దుప్పటి. దాని మీద చేపలు పట్టేవాళ్ళ చిన్న చిన్న చెక్క గుడిసెలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. కొండల మధ్య పాయలో నల్లని చార ఒకటి కనిపించింది. అదే రన్‌వే. పొడవు సుమారు 2,600 అడుగులు, వెడల్పు 100 అడుగులు. మన శంషాబాద్ రన్‌వే 4,260 మీటర్లు. ఇది దానిలో అయిదో వంతు కూడా లేదు.

అక్కడ కంట్రోల్ టవర్ లేదు. పైలట్లు రేడియోలో "నేను ఫలానా చోట ఉన్నాను, దిగుతున్నాను" అని ఒకరికొకరు చెప్పుకుంటారు. మా పైలట్ వేగం బాగా తగ్గించి, రెక్కల వెనక పలకలు దించి, గాలికి ఎదురుగా, చార మొదట్లోనే చక్రాలు ఆనేలా తీసుకువచ్చాడు. మొదట్లోనే ఎందుకంటే, ఐసు మీద బ్రేకులు ఉన్నా లేనట్టే. గట్టిగా తొక్కితే చక్రం ఆగుతుంది గాని విమానం ఆగదు, జారుకుంటూ పోతుంది. అందుకని ఆయన బ్రేకుల జోలికే పోలేదు. గాలి ఒత్తిడికే వేగం చావాలి. నేను సీటు అంచు పట్టుకుని, ముందున్న మంచు గట్టు దగ్గరవుతుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నెమ్మది, నెమ్మది, ఇంకా నెమ్మది. నడక వేగానికి వచ్చాక గాని నాకు ఊపిరి ఆడలేదు.

పక్క గాలి వీస్తే కష్టం ఇంకా ఎక్కువ. వేగంగా ఉన్నంతసేపూ తోక చుక్కానికి గాలి తగులుతుంది కనుక దారి మళ్ళించుకోవచ్చు. వేగం తగ్గిన కొద్దీ చుక్కాని పనిచేయదు, చక్రాలకు పట్టు ఉండదు. పక్క గాలి అప్పుడు విమానాన్ని కాగితం పడవను తోసినట్టు తోస్తుంది. రన్‌వే కోసం తోసిన మంచు రెండు పక్కలా గట్లలాగా గట్టిపడి ఉంటుంది. రెక్క దానికి తగిలిందంటే అంతే. దిగినవాళ్ళకూ ప్రమాదముంది. ఐసు మీద కాలు జారితే ఎటు పడతామో మన చేతుల్లో ఉండదు, ఎదురుగా తిరుగుతున్న ప్రొపెల్లర్ ఉంటుంది. అందుకని అది పూర్తిగా ఆగేదాకా మమ్మల్ని తలుపు కూడా తీయనివ్వలేదు.

దిగి నిలబడ్డాను. కింద నీళ్ళు. ఇంతలో కాళ్ళ కిందనుంచి పిడుగు పడ్డట్టు "ధమ్" మని ఒక శబ్దం సరస్సు ఈ కొసనుంచి ఆ కొసకు పాకింది. నా ప్రాణం పోయిందనుకున్నాను. అక్కడున్న పెద్దాయన ఒకరు నవ్వి, చలికి ఐసు సర్దుకునేటప్పుడు అలా అరుస్తుందనీ, అది పగిలి మునిగిపోవడం కాదనీ చెప్పారు.

మిత్రులారా, ముప్పై ఏళ్ళకు పైగా రోడ్లూ కల్వర్టులూ చూసిన ఉద్యోగం నాది. ఏ వంతెన ఎంత బరువు మోస్తుందన్నదే నా ఆలోచన. ఇంటికి రాగానే కాగితం తీసుకున్నాను.

కెనడాకు చెందిన గోల్డ్ అనే పరిశోధకుడు 1971లో ప్రచురించిన సూత్రం ఒకటుంది. ఐసు మందాన్ని సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మూడున్నరతో హెచ్చవేస్తే అది భయం లేకుండా మోయగల బరువు కిలోల్లో వస్తుంది. పది సెంటీమీటర్ల ఐసు 350 కిలోలు, అంటే మనుషులు నడవడానికి చాలు. ముప్పై సెంటీమీటర్లయితే 3,150 కిలోలు. మందం మూడింతలైతే బలం తొమ్మిదింతలన్నమాట. మేము వెళ్ళిన సెస్నా నిండు బరువు ఒక టన్నుకు కాస్త ఎక్కువ. ఆల్టన్ బేలో రన్‌వే తెరవాలంటే 12 అంగుళాల ఐసు, అంటే ముప్పై సెంటీమీటర్లు కావాలంటారు. లెక్క ప్రకారం మూడింతల బలం. మనం వంతెనకు పెట్టుకునే భద్రతా గుణకం లాంటిదే ఇది. విమానం దిగేటప్పటి తాకిడి ఉంది, మంచు తోసే వాహనాలున్నాయి, పక్కపక్కన ఆగే విమానాలున్నాయి, చూడవచ్చిన జనం ఉన్నారు.

అయితే ఈ సూత్రం నిగనిగలాడే మంచి ఐసుకే వర్తిస్తుంది. చలికి నీరు పైనుంచి కిందికి నెమ్మదిగా గడ్డకడితే అద్దంలా, నల్లగా కనిపించే ఐసు వస్తుంది. అది గట్టిది. పడిన మంచు తడిసి గడ్డకడితే తెల్లటి ఐసు వస్తుంది. దాన్ని సగం బలంగానే లెక్క కడతారు. ఇంకో చిత్రమేమంటే, మంచు చల్లగా ఉన్నా అది కంబళి లాంటిది. ఐసు మీద మంచు పేరుకుంటే పై చలి కిందికి దిగదు, ఐసు మందం పెరగదు. అందుకని మంచు తోసెయ్యడం విమానాల చక్రాల కోసమే కాదు, ఐసు పెరగడం కోసం కూడా. తోసిన మంచు ఒక్కచోటే గుట్టపోస్తే ఆ బరువుకు ఐసు కుంగి చీలుతుంది. కనుక దూరదూరంగా తోయాలి. విమానాన్ని గంటల తరబడి ఒకే చోట నిలిపినా కింద ఐసు మెల్లగా కుంగుతుంది. చివరిగా, వసంతం ఎండలకు ఐసు మందం తగ్గకపోయినా లోపల నిలువుగా విడివడి గుల్లబారుతుంది. అప్పుడు పన్నెండు అంగుళాలున్నా నమ్మడానికి లేదు.

అంటార్కిటికాలో మన మైత్రి స్థావరానికి వెళ్ళే శాస్త్రజ్ఞులు కూడా కేప్‌టౌన్ నుంచి పెద్ద విమానాల్లో ఐసు రన్‌వే మీదే దిగుతారు కదా అని మీరడగవచ్చు. అది నేల మీద యుగాలుగా పేరుకున్న వందల మీటర్ల హిమఫలకం. ఇది నీళ్ళ మీద తేలే పలక. నిన్న పుట్టి, రేపు పోయేది.

అందుకే ఆ మందాన్ని ఒకసారి కొలిచి ఊరుకోవడానికి లేదు. పెద్ద బరమాతో రన్‌వే పొడుగునా చాలా చోట్ల కన్నాలు వేసి, కొక్కెం ఉన్న కొలకర్ర లోపలికి దించి, అడుగు అంచుకు తగిలించి మందం చూస్తారు. రన్‌వే తెరిచాక కూడా ఈ పని సాగుతూనే ఉంటుంది. మనం ఏడాదికోసారి బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికే విసుక్కుంటాం. ఆ ఐసు బతికున్నన్నాళ్ళూ ఇస్తూనే ఉండాలి! ఈ కొలిచేవాళ్ళు జీతగాళ్ళు కారు. రన్‌వే రాష్ట్ర ప్రభుత్వ రవాణా శాఖది, నడిపేది స్థానిక స్వచ్ఛంద సేవకులు. నేను చూసినప్పుడు వాళ్ళలో మన వయసు తలలే ఎక్కువ కనిపించాయి.

ఇక నేను చెప్పదలచిన అసలు విషయం. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం కుటుంబమంతా కారులో మళ్ళీ వెళ్ళాం. ఎండ బాగా కాసింది. ఒడ్డున జాతరలాగా జనం. పొద్దున్నించీ విమానం తరువాత విమానం దిగుతున్నాయి. మధ్యాహ్నం ఆ పెద్దాయనే కొలకర్రతో బయలుదేరి రన్‌వే పొడుగునా నడిచారు. అక్కడక్కడ వంగి, ఐసు పైన చేరుతున్న నీళ్ళను బూటుతో తట్టి చూశారు. తిరిగి వచ్చి రేడియోలో నాలుగు మాటలు చెప్పారు. రన్‌వే మూసేశారు. అప్పటికే దగ్గరకు వచ్చిన విమానం ఒకటి మా తలల మీదుగా చుట్టు తిరిగి వెనక్కి వెళ్ళిపోయింది. అయిదు నిమిషాల క్రితమే దాని లాంటి విమానమే చక్కగా దిగింది. అయినా ఒక్కరూ "ఇప్పుడేగా దిగింది, ఇంకొక్కటి దిగితే ఏం?" అనలేదు. నేను దగ్గరకు వెళ్ళి, మీమీద ఒత్తిడి రాదా అని అల్లుడి చేత అడిగించాను. ఆయన మాట్లాడలేదు. చేతిలోని కర్ర పైకెత్తి చూపించారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో మీకు చెప్పాలి. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1989లో నేను కుర్ర అసిస్టెంట్ ఇంజనీరుని. ఒక వాగు మీది కల్వర్టు నా పరిధిలో ఉండేది. వానాకాలంలో వాగు పొంగి తగ్గాక వెళ్ళి చూశాను. పునాది పక్కన గునపం దింపితే మూరెడు లోతు సులువుగా దిగింది. కింద మట్టి కోసుకుపోయింది. అడ్డంగా డ్రమ్ములు పెట్టించి ముళ్ళకంప వేయించాను. అంతవరకు నా పని నేను సరిగ్గానే చేశాను. రెండు రోజుల్లో పక్క ఊళ్ళో జాతర. పెద్దమనుషులు వచ్చారు. "ఎడ్ల బళ్ళు పోతున్నాయి కదయ్యా, రాత్రి ఒక లారీ కూడా కంప పక్కకు లాగి పోయింది, ఏమైంది?" అన్నారు. నా దగ్గర కొలత ఉంది, వాళ్ళ దగ్గర నిన్న పోయిన లారీ ఉంది. నేను లారీనే నమ్మాను. నమ్మాను అనడం కూడా అబద్ధం, కాదనడానికి మొహమాటపడ్డాను. తేలిక వాహనాలకు మాత్రమే అని ఒక కాగితం రాసి, కంప తీయించాను. ఆ కాగితాన్ని రాత్రి పూట ఎవరు చదువుతారు? మూడో రాత్రి వడ్ల బస్తాల లారీతో సహా కల్వర్టు ఒక పక్క కూలింది. డ్రైవరు బయటపడ్డాడు. క్లీనరు కుర్రాడికి పదిహేడేళ్ళుంటాయి, మోకాలి కిందికి కాలు తీసేశారు. అనూహ్యమైన వరద వల్ల అని ఫైలులో రాసుకున్నాం, కింద నా సంతకం ఉంది. నన్నెవరూ ఏమీ అడగలేదు. నాకు ప్రమోషన్లు ఆగలేదు, రిటైరైన రోజున దండలూ తక్కువ కాలేదు. ఆ అబ్బాయిని ఆసుపత్రిలో ఒకసారి చూశాను. తరువాత వెతకలేదు. వెతకకపోవడం కూడా నా తప్పే.

నిన్నటి లారీ ఇవాళ్టి వంతెనకు సాక్ష్యం కాదు. అయిదు నిమిషాల క్రితం దిగిన విమానం ఇప్పటి ఐసుకు సాక్ష్యం కాదు. సాక్ష్యం కొలకర్ర ఒక్కటే. ఇది నాకు ఉద్యోగంలో తెలియనిది కాదు. తెలిసిన దాని మీద నిలబడడమే నా చేత కాలేదు. ఆ సరస్సు ఒడ్డున నన్ను కదిలించింది ఆ పెద్దాయన ధైర్యం మాత్రమే కాదు, చుట్టూ ఉన్న జనం తీరు. వద్దన్నవాడి మీద వాళ్ళు విరుచుకుపడలేదు. కాదని చెప్పగలిగే మనిషి ఒక్కడుంటే చాలదు. ఆ కాదు అన్న మాటను మన్నించే నలుగురు కూడా ఉండాలి.

మిత్రులారా, మన చేతుల్లో ఇప్పుడు అధికారం లేదు, సంతకం లేదు. కాని మన పిల్లలు, మేనల్లుళ్ళు, మన కింద పనిచేసినవారు ఇవాళ ఆ కుర్చీల్లో ఉన్నారు. గ్యాస్ సిలిండరు తనిఖీ చేసేవారున్నారు, స్కూలు భవనానికి సర్టిఫికెట్ ఇచ్చేవారున్నారు, చెరువు కట్ట చూసేవారున్నారు. ఏదో ఒక సాయంత్రం వాళ్ళు మొహం వాడ్చుకుని ఇంటికి వస్తారు. "సంతకం పెట్టమంటున్నారు నాన్నా" అంటారు. అప్పుడు మనం "నలుగురితో పాటు నారాయణా, మనకెందుకు గొడవ" అనకుండా ఉందాం. "నువ్వు కొలిచావా? కొలతేమంది?" అని అడుగుదాం. కొలత వద్దంటే, ఆ రాత్రి వాడి పక్కన కూర్చుందాం. బదిలీ అయితే సామాను సర్దడానికి సాయం వెళ్దాం. మనకు తీరిక ఉంది కదా.

రెండుసార్లు ఆ సరస్సుకు వెళ్ళాను. ఒక ఏడు రన్‌వే తెరవనే లేదు, ఒక ఏడు తెరిచారు. తెరిచిన ఏడు విమానంలో దిగడం నాకు సంబరం. కాని తెరవని ఏడాది కూడా అక్కడ అదే కొలకర్ర పనిచేసింది. ఆ సంగతి అర్థం కావడానికి నాకు రెండో ప్రయాణం కావలసివచ్చింది.